పసిబిడ్డ నిద్ర: పక్క పరచడం నుంచి తెల్లవారేదాకా

కొత్తగా తల్లిదండ్రులైనవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "బిడ్డ రాత్రిపూట నిద్రపోవాలంటే ఏం చేయాలి?" దానికి జవాబు చెబుతాను. అయితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది బిడ్డ ఎక్కడ, ఏ భంగిమలో పడుకుంటుందన్నది. నిద్ర తగ్గితే ఇంటిల్లిపాదీ అలసిపోతారు. పక్క సరిగా లేకపోతే బిడ్డకు ఊపిరే అందకపోవచ్చు. అందుకే ఇక్కడ భద్రతకు ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇందులోని సూచనలు నెలలు నిండి, ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలకు, ముఖ్యంగా మొదటి 6 నెలలకు సంబంధించినవి. నెలలు నిండకుండా పుట్టినా, 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టినా, ఊపిరి లేదా గుండె సమస్య ఉన్నా మీ పిల్లల డాక్టరు చెప్పిందే పాటించండి.

1. పక్కను పగలే సిద్ధం చేసుకోండి

అర్ధరాత్రి రెండు గంటలకు, కళ్లు మూతలు పడుతున్నప్పుడు, దిండ్లు ఏరి పక్కన పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ పని ఆస్పత్రి నుంచి ఇంటికి రాకముందే పూర్తి కావాలి. తొమ్మిదో నెలలోనే చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

బిడ్డ పక్క గట్టిగా ఉండాలి, చదునుగా ఉండాలి, ఖాళీగా ఉండాలి.

గట్టిదో కాదో తెలుసుకోవడానికి అరచేత్తో నొక్కి వదలండి. చేయి తీయగానే పరుపు మళ్లీ సమంగా కావాలి. గుంట మిగిలితే ఆ పరుపు బిడ్డకు పనికిరాదు. మెత్తటి బూరుగుదూది పరుపులు, పెద్దవాళ్లు ఇష్టపడే మెత్తని ఫోమ్ పరుపులు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. నవారు మంచం, నులక మంచం నడుమ కుంగుతాయి కాబట్టి అవీ వద్దు.

చదును అంటే తలవైపు ఎత్తు లేకుండా. పాలు కక్కుతోందని తలకింద మడత పెట్టడం, పరుపు ఒకవైపు ఎత్తడం మన ఇళ్లలో తరచూ చూస్తాం. ఏటవాలు పక్క మీద బిడ్డ కిందికి జారుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, సన్నటి గాలిగొట్టం మడత పడుతుంది. ఏడ్చే శక్తి కూడా లేకుండా ఊపిరి తగ్గిపోవచ్చు.

ఖాళీ అంటే నిజంగా ఖాళీ. పక్క మీద బిగుతుగా పరిచిన నూలు దుప్పటి ఒక్కటే ఉండాలి. దాని కింద రబ్బరు షీటు వేసుకోవచ్చు. దిండు, కప్పుకునే బొంత, బొమ్మలు, అటూ ఇటూ పెట్టే గుండ్రటి దిండ్లు, కాట్ చుట్టూ కట్టే మెత్తలు, ఏవీ వద్దు. బహుమతిగా వచ్చే రంగురంగుల పరుపు సెట్లలో దోమతెర తప్ప మిగతావి అటక మీద పెట్టండి.

బేబీ కాట్ కొనేవారు రెండు కొలతలు చూడండి. కమ్మీల మధ్య ఖాళీ 6 సెంటీమీటర్లు దాటకూడదు. పరుపుకూ కాట్ అంచుకూ మధ్య రెండు వేళ్లకు మించి చోటు ఉండకూడదు. పాత కాట్ అయితే కమ్మీలు ఊగుతున్నాయా, మేకులు తేలాయా అని చేత్తో తడిమి చూడండి.

నేల మీద పడుకునే ఇళ్లలో ఖరీదైన కాట్ అవసరం లేదు. చాప మీద పాత చీరలతో కుట్టిన బొంతను ముడతలు లేకుండా పరిచి, దాని మీద నూలు దుప్పటిని నాలుగు వైపులా కిందికి దోపితే మంచి పక్క తయారవుతుంది. చీకట్లో ఎవరూ తొక్కని మూల చూసుకోవాలి. చీమలు, పెంపుడు జంతువులు రాకుండా చూసుకోవాలి.

పడుకోబెట్టే ముందు ఒక్క చూపులో సరిచూసుకోవాల్సినవి:

- పక్క మీద బిడ్డ, కింద పరిచిన దుప్పటి తప్ప ఏమీ లేవు
- తలవైపు ఎత్తు లేదు
- చేతికందే దూరంలో తీగలు, కిటికీ తెర తాళ్లు, ఫోను చార్జరు లేవు
- బిడ్డ మెడలో గొలుసు, దారం, తాయెత్తు లేవు
- ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలడం లేదు

2. తల్లి గదిలోనే, కానీ విడి పక్క మీద

కనీసం మొదటి 6 నెలలు బిడ్డ మీ గదిలోనే, చేయి చాస్తే అందేంత దగ్గరలో పడుకోవాలి. అయితే పక్క మాత్రం విడిగా ఉండాలి. నిద్రలో అకస్మాత్తుగా జరిగే పసిబిడ్డల మరణాల్లో అత్యధిక భాగం మొదటి 6 నెలల్లోనే జరుగుతాయి. అందులోనూ 1 నుంచి 4 నెలల మధ్య ముప్పు ఎక్కువ.

మన ఇళ్లలో తల్లీబిడ్డలు ఒకే పక్క మీద పడుకోవడం తరతరాల అలవాటని నాకు తెలుసు. "వద్దు" అని ఒక్కమాటలో చెప్పి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. కాబట్టి ఎప్పుడు అసలే కూడదో ముందు తెలుసుకోండి:

- బిడ్డ వయసు 4 నెలల లోపు ఉన్నప్పుడు
- బిడ్డ నెలలు నిండకుండా గాని, తక్కువ బరువుతో గాని పుట్టినప్పుడు
- ఆ పక్క మీద పడుకునే వారిలో ఎవరైనా సిగరెట్, బీడీ తాగేవారైతే. ఇంట్లో కాకుండా బయట తాగి వచ్చినా సరే
- ఎవరైనా మద్యం తాగినప్పుడు, మత్తు కలిగించే మాత్రలు వేసుకున్నప్పుడు. సిజేరియన్ తర్వాత వాడే కొన్ని నొప్పి మందులూ ఇందులోకి వస్తాయి
- సోఫా మీద, వాలు కుర్చీలో

సోఫా సంగతి మళ్లీ చెబుతున్నాను. బిడ్డను గుండెల మీద వేసుకుని సోఫాలో కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదకరం. బిడ్డ జారి మెత్తల సందులో ముఖం ఇరుక్కుంటే మీకు తెలివి వచ్చేసరికి ఆలస్యం అవుతుంది.

ఇల్లు చిన్నది, వేరే దారి లేదు అనుకుంటే ముప్పును తగ్గించే పనులు కొన్ని ఉన్నాయి. పరుపును నేల మీద వేయండి. గోడకు ఆనించకండి, ఆ సందులో బిడ్డ ఇరుక్కోవచ్చు. బిడ్డను తల్లిదండ్రుల మధ్య గాక తల్లి వైపు, అంచుకు కొంచెం ఎడంగా పడుకోబెట్టండి. అన్నయ్యో అక్కో ఉంటే వారిని బిడ్డ పక్కన పడుకోనివ్వకండి. మీ దుప్పటి నడుము వరకే కప్పుకోండి. జుట్టు ముడి వేసుకోండి, పొడవాటి గొలుసులు తీసి పెట్టండి, కొంగు బిడ్డ వైపు రాకుండా చెక్కుకోండి. ఇలా చేస్తే ముప్పు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. అందుకే విడి పక్కకే నా ఓటు.

3. ఎప్పుడూ వెల్లకిలానే

పగటి కునుకైనా, రాత్రి నిద్రైనా, పది నిమిషాలైనా బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. బోర్లా వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టడమూ వద్దు, ఎందుకంటే అక్కడి నుంచి బోర్లా పడటం చాలా తేలిక. రోజూ వెల్లకిలా పడుకునే బిడ్డను ఒక్కసారి ఎవరో బోర్లా పడుకోబెడితే, ఆ ఒక్కసారి ముప్పు మరీ ఎక్కువ.

"పాలు కక్కితే పొలమారదా?" అని అమ్మమ్మలు అడుగుతారు. న్యాయమైన భయమే. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన ఉంటుంది, అన్నవాహిక దాని కింద ఉంటుంది. కక్కిన పాలు పైకి ఎక్కి గాలిగొట్టంలోకి వెళ్లడం కష్టం. బోర్లా ఉన్నప్పుడు ఇది తలకిందులవుతుంది, పాలు నేరుగా గాలిగొట్టం ముఖద్వారం దగ్గరే చేరతాయి. పైగా ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మింగడమో దగ్గడమో చేసి దారిని తానే శుభ్రం చేసుకుంటుంది.

తల వెనుక భాగం బల్లపరుపు అవుతుందన్నది రెండో భయం. గుండ్రటి తల కోసం ఆవాల దిండు వాడాల్సిన పని లేదు. ఆ దిండు బిడ్డ తలను ముందుకు వంచుతుంది, చిరిగితే గింజలు నోట్లోకీ ముక్కులోకీ పోతాయి. దానికి బదులు:

- ఒక రాత్రి తలను ఉత్తరంవైపు పెట్టిన చోట మరుసటి రాత్రి కాళ్లు పెట్టండి. (ఉత్తరం పట్టింపు ఉన్నవారు తూర్పు, పడమరలు మార్చుకోండి.) బిడ్డ వెలుతురు వైపో, మీ వైపో చూస్తుంది కాబట్టి తల రెండో పక్కకు తిరుగుతుంది
- మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజుకు రెండు మూడుసార్లు బోర్లా పడుకోబెట్టి ఆడించండి. మొదట్లో రెండు మూడు నిమిషాలు చాలు. 7 వారాలు వచ్చేసరికి అన్నీ కలిపి రోజుకు 15 నుంచి 30 నిమిషాలు కావాలి
- ఎత్తుకునే చేయి మారుస్తూ ఉండండి

4. ఉయ్యాల విషయం

చీర ఉయ్యాల మన ఇళ్లలో ఎంత ప్రేమతో కడతారో తెలుసు. ఊపితే బిడ్డ ఊరుకుంటుంది, అమ్మ చేతికి రెండు నిమిషాల తీరిక దొరుకుతుంది. కానీ దాని అడుగు వంపుగా ఉంటుంది. మెడ నిలవని బిడ్డ అందులో ముడుచుకుపోయి గడ్డం ఛాతీకి ఆనుతుంది, లేదా ముఖం గుడ్డకు ఒత్తుకుంటుంది. కొంచెం పెద్ద బిడ్డ అయితే అంచు మీదుగా జారి పడవచ్చు, తాడు మెడకు చుట్టుకోవచ్చు.

ఉయ్యాలను మానేయమనను. జోలపాటకు, ఏడుపు మాన్పడానికి, మీరు పక్కనే ఉండి బిడ్డ ముఖం చూస్తూ ఊపండి. కన్ను మూతపడిన కొద్ది నిమిషాలకు ఎత్తి చదునైన పక్క మీదకు మార్చండి. ఉయ్యాలలో వేసి వంటింట్లోకి వెళ్లకండి. పెద్ద పిల్లల చేతికి ఊపే పని అప్పగించకండి.

గట్టి చదునైన అడుగు, నిలువు అంచులు ఉన్న చెక్క ఉయ్యాల లేదా ఇనుప ఉయ్యాల అయితే ఊగకుండా గొళ్లెం వేసి పక్కగా వాడవచ్చు. స్ప్రింగు ఉయ్యాలలో గుడ్డ సంచీ వేలాడుతుంది కాబట్టి దానికీ చీర ఉయ్యాల నియమాలే.

బారసాల రోజు ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. ఆ ఉయ్యాలలో పూలదండలు, జరీ బట్టలు, మెత్తటి దిండు, మెడలో బంగారు గొలుసు, అన్నీ ఉంటాయి. వేడుక కాగానే గొలుసు, జరీ బట్టలు తీసి, నూలు చొక్కా వేసి, గదిలో మామూలు పక్క మీద పడుకోబెట్టండి. పది చేతులు మారి అలసిన బిడ్డ ఆ రాత్రి ఎక్కువ ఏడుస్తుంది, కంగారు పడకండి.

విదేశాల్లో ఉన్నవారికి ఇదే మాట కార్ సీటు, బౌన్సర్ (బిడ్డను వాల్చి ఊపే కుర్చీ), స్ట్రోలర్ (తోపుడు బండి) గురించి. కార్ సీటు ప్రయాణానికే. ఇల్లు చేరగానే, నిద్రలో ఉన్నా సరే, బిడ్డను తీసి పక్క మీద పడుకోబెట్టాలి.

5. బట్టలు, వేడి, పొగ, దోమలు

మన ప్రాంతంలో బిడ్డలకు చలి కన్నా వేడితోనే ఎక్కువ ఇబ్బంది. బాలింత గది తలుపులు మూసి, బిడ్డకు టోపీ, మేజోళ్లు, పైన ఉన్ని శాలువా చుట్టడం మే నెలలో కూడా చూస్తాం. ఒళ్లు మరీ వేడెక్కడం కూడా నిద్రలో మరణానికి దారితీసే కారణాల్లో ఒకటి.

కొలత ఇది: ఆ గదిలో మీరు ఎన్ని పొరలు వేసుకుంటే హాయిగా ఉందో, బిడ్డకు అంతే, లేదా ఒక పొర ఎక్కువ. ఎండాకాలంలో పల్చటి నూలు జుబ్బా, లంగోటీ చాలు. ఏసీ ఉంటే 24 నుంచి 26 డిగ్రీల మధ్య పెట్టండి. కరెంటు పోయినప్పుడు కిటికీలు తెరిచి, బట్టలు తగ్గించి, విసనకర్రతో విసరండి. ఎండాకాలమని 6 నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టవద్దు, తల్లిపాలు మరింత తరచుగా ఇవ్వండి.

చేతులు, కాళ్లు చల్లగా ఉండటం పసిబిడ్డల్లో మామూలే. వేడి చూడాల్సింది ఛాతీ మీద, మెడ వెనుక. అక్కడ చెమట పట్టినా, కాలినట్టున్నా ఒక పొర తీసేయండి. ఆస్పత్రిలో మొదటి గంటల్లో పెట్టిన టోపీ ఇంట్లో నిద్రలో అవసరం లేదు. అది జారి ముక్కు మీద పడుతుంది. తక్కువ బరువు బిడ్డకు డాక్టరు ఉంచమంటే మాత్రం ఉంచండి.

పొత్తిళ్లలో చుట్టేవారు ఛాతీ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుగా, తొడలు విడివిడిగా కదిలేంత వదులుగా చుట్టండి. కాళ్లు బిగించి నిటారుగా కడితే తుంటి కీళ్లు దెబ్బతింటాయి. చుట్టిన బిడ్డను వెల్లకిలా తప్ప మరోలా పడుకోబెట్టకూడదు. బరువు నింపిన చుట్టు గుడ్డలు వద్దేవద్దు.

స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయాలనే పట్టుదల చాలా ఇళ్లలో ఉంది. పొగ ఏదైనా, సాంబ్రాణి కానీ, అగరుబత్తి కానీ, దోమల చుట్ట కానీ, సిగరెట్ కానీ, పసి ఊపిరితిత్తులకు హానే. తల ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. దోమలకు దోమతెర. అంచులు పరుపు కిందికి బిగుతుగా దోపండి, బిడ్డ ముఖానికి తెర తగలకూడదు. గొడుగులా మడిచే బేబీ దోమతెరలు వాడుకోవచ్చు, అయితే వాటితో వచ్చే దిండు తీసేయాలి, అడుగున ఉండే పరుపుకు అరచేతి పరీక్ష చేయాలి.

6. ఇంట్లో అందరూ ఒకే మాట మీద

ఈ జాగ్రత్తలన్నీ తల్లి ఒక్కతే పాటిస్తే సరిపోదు. ఆమె స్నానానికి వెళ్లిన అరగంటలో బిడ్డను పడుకోబెట్టేది అమ్మమ్మ, పెద్దమ్మ, పనికి వచ్చే ఆయమ్మ. వాళ్లందరికీ తెలియాలి.

పెద్దవాళ్లతో వాదన పెట్టుకుంటే ఇల్లు చికాకవుతుంది. నేను చూసినంతలో పనిచేసే ఉపాయం ఒకటుంది: మొదటి పరీక్షకో టీకాకో వెళ్లేటప్పుడు అమ్మమ్మనో నానమ్మనో వెంట తీసుకెళ్లండి. "దిండు పెట్టవచ్చా, బోర్లా పడుకోబెట్టవచ్చా" అని ఆవిడ చేతే డాక్టరుగారిని అడిగించండి. ఆ జవాబు కూతురి నోటి నుంచో కోడలి నోటి నుంచో వచ్చిన దానికన్నా బరువుగా నిలుస్తుంది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే రోజుల్లోనూ ఇలాగే అడిగించవచ్చు. ఆమె 42వ రోజు లోపల కొన్నిసార్లు వస్తుంది.

పెద్దవాళ్ల చేతుల్లో పెట్టగలిగిన మంచి పనులు ఎన్నో ఉన్నాయి. నూనె రాయడం, జోలపాట, పాల తర్వాత త్రేన్పు తెప్పించడం, తెల్లవారుజామున బిడ్డను చూసుకుంటూ తల్లిని రెండు గంటలు పడుకోనివ్వడం. ఇవి అప్పగిస్తే "మమ్మల్ని పట్టించుకోవడం లేదు" అన్న బాధ ఉండదు.

ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. పుట్టింటి నుంచి అత్తింటికి మూడో నెలలోనో ఐదో నెలలోనో వెళతారు. ముప్పు ఎక్కువగా ఉండే వయసులో కొత్త ఇల్లు, కొత్త గది, కొత్త చేతులు. ప్రయాణానికి వారం ముందే భర్త అక్కడ పక్క సిద్ధం చేయాలి, అత్తయ్యగారికీ మామయ్యగారికీ విషయం చెప్పాలి. మొదటి రాత్రి "ఇవాళ్టికి సర్దుకుందాం" అని పెద్ద మంచం మీద దిండ్ల మధ్య పడుకోబెట్టవద్దు.

7. పడుకోబెట్టే క్రమం

పుట్టిన బిడ్డ రోజుకు దాదాపు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, అదీ ముక్కలు ముక్కలుగా. మొదటి నెలలో గంటకు మించి మెలకువగా ఉండలేదు. అందుకే నిద్ర వేళను గడియారంలో కన్నా బిడ్డ ముఖంలో చూడండి. చూపు పక్కకు తిప్పడం, కనుబొమలు ఎర్రబడటం, ఆవలింత, చేతులు బిగించడం మొదటి గుర్తులు. గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగితే నిద్రపుచ్చడం రెట్టింపు కష్టం.

రోజూ ఇదే వరుసలో చేయండి:

1. లైటు తగ్గించండి, టీవీ శబ్దం ఆపండి.
2. లంగోటీ లేదా డైపరు మార్చండి.
3. పాలు ఇవ్వండి.
4. భుజం మీద వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. పది నిమిషాల్లో రాకపోతే వదిలేయండి.
5. ఒకే జోలపాట, తక్కువ గొంతుతో.
6. పక్క మీద మొదట పిరుదులు, తర్వాత వీపు, చివరగా తల ఆనించండి. తల ముందు పెడితే బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది.
7. ఛాతీ మీద అరచేయి ఒక నిమిషం ఉంచి, నెమ్మదిగా తీయండి.

రెండో నెల నుంచి రోజుకు ఒక్కసారైనా, బిడ్డ మగతగా ఉండి ఇంకా పూర్తిగా నిద్రపోకముందే పక్క మీద పెట్టి జోకొట్టి చూడండి. ఏడిస్తే ఎత్తుకోండి, మళ్లీ రేపు చూడవచ్చు. ఇంత చిన్న బిడ్డను ఏడవనిచ్చి నిద్ర నేర్పాలన్న సలహాలు వినకండి. 4 నెలల లోపు ఎత్తుకుంటే చెడిపోయే అలవాటు ఏదీ లేదు.

8. పగలు, రాత్రి తేడా తెలిసేలా

బిడ్డ మెదడుకు పగలూ రాత్రీ తేడా రెండు మూడు నెలలకు గాని పట్టుబడదు. మీరు చేయగలిగింది తోడ్పడటమే. పగలు కిటికీలు తెరిచి ఉంచండి, ఇంటి శబ్దాలను ఆపకండి, మాట్లాడండి. రాత్రి పాలకు లేచినప్పుడు చిన్న దీపం, తక్కువ మాట, ఆట లేదు. విసర్జన చేస్తేనో, బాగా తడిస్తేనో తప్ప డైపరు మార్చవద్దు.

నలుగుపెట్టి పోసే ఉదయపు స్నానం తర్వాత బిడ్డ మూడు నాలుగు గంటలు కదలకుండా నిద్రపోవడం, రాత్రి జాగారం చేయించడం సాధారణం. ఆ నిద్రలో మూడు గంటలకు ఒకసారి లేపి పాలివ్వండి. పుట్టిన బరువు తిరిగి వచ్చేదాకా, అంటే సుమారు రెండు వారాలు, రాత్రైనా ఇలాగే లేపాలి. పాదాలు నిమిరితే, బట్టలు వదులు చేస్తే లేస్తుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగడం, ఐదో రోజు తర్వాత కనీసం 6 సార్లు మూత్రం పోయడం చాలినన్ని పాలు అందుతున్నాయనడానికి గుర్తు.

రాత్రి పాలిచ్చేటప్పుడు కునుకు పట్టేలా ఉంటే సోఫాలోకి వెళ్లకండి. దిండ్లు, దుప్పట్లు తీసిన పరుపు మీద కూర్చోండి. మెలకువ రాగానే బిడ్డను విడి పక్క మీదకు మార్చండి. సిజేరియన్ అయిన మొదటి వారాల్లో బిడ్డను ఎత్తి ఇవ్వడానికి, తిరిగి పడుకోబెట్టడానికి మరొకరు లేవాలి. ఆ పని తండ్రిది.

9. తరచుగా వచ్చే చిక్కులు, సవరణలు

*పక్క మీద పెట్టగానే లేస్తోంది.* మీ చేతుల్లో నిద్రపోయిన పది పదిహేను నిమిషాల తర్వాత, బిడ్డ చేతులు వదులుగా వేలాడుతున్నప్పుడు పెట్టండి. అంతకు ముందు పెడితే ఇంకా పైపై నిద్రలోనే ఉంటుంది.

*నిద్రలో మూలుగుతోంది, మెలికలు తిరుగుతోంది.* పసిబిడ్డ నిద్రలో దాదాపు సగం ఇలాంటి కదలికల నిద్రే. వెంటనే ఎత్తకండి, ఒక నిమిషం చూడండి. చాలాసార్లు మళ్లీ నిద్రలోకి జారుతుంది.

*సాయంత్రం ఒకటే ఏడుపు.* ఆరు వారాల వయసులో ఇది తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఎత్తుకుని నడవండి, పాలివ్వండి, గది మార్చండి. మీకే సహనం తప్పుతోందనిపిస్తే బిడ్డను పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్క గదిలోకి వెళ్లి కొన్ని నిమిషాలు ఊపిరి తీసుకోండి. ఎట్టి పరిస్థితిలోనూ బిడ్డను పట్టి కుదపకండి, మెదడులో రక్తస్రావం అవుతుంది.

*నిద్రకు ఏదైనా నాకించవచ్చా?* వద్దు. తేనె ఏడాది నిండేదాకా విషతుల్యం. వస, నల్లమందు, జలుబు సిరప్పు, ఏవీ నిద్ర కోసం ఇవ్వకూడదు.

*ముక్కు దిబ్బడతో నిద్రపోవడం లేదు.* డాక్టరు చెప్పిన ఉప్పునీటి చుక్కలు పాలకు ముందు వేయండి. కర్పూరం కలిపిన నూనె, ఘాటు బాములు ఛాతీకి రాయకండి. కర్పూరం వల్ల పసిబిడ్డలకు మూర్ఛ రావచ్చు.

*టీకా రోజు.* 6, 10, 14 వారాల టీకాల తర్వాత ఒకటి రెండు రోజులు నిద్ర తీరు మారుతుంది. జ్వరం మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది, అక్కడే అడిగి రాయించుకోండి.

*బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టడం లేదు.* ఇది రెండు వారాలు దాటినా, దిగులు, భయం, బిడ్డ మీద విరక్తి ఉన్నా బలహీనత అనుకోవద్దు. ప్రసవం తర్వాత వచ్చే మానసిక అనారోగ్యానికి వైద్యం ఉంది. డాక్టరును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ 14416కు చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తనకు గాని బిడ్డకు గాని హాని చేయాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఇంట్లో వారికి చెప్పాలి, ఆస్పత్రికి వెళ్లాలి.

10. వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన గుర్తులు

- పాలకు లేపినా లేవకపోవడం, లేచినా చప్పరించే బలం లేకపోవడం
- 3 నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, లేదా అంతకు మించి జ్వరం. ఒళ్లు చల్లబడిపోయినా అంతే
- రెండు నెలల లోపు బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషానికి 60 లేదా ఎక్కువ సార్లు ఊపిరి తీయడం. నిమిషమంతా లెక్కపెట్టండి
- డొక్కలు ఎగరేయడం, ఊపిరితో పాటు మూలుగు
- పెదవులు, నాలుక నీలంగా మారడం, ఊపిరి 20 సెకన్లు ఆగడం
- అరచేతులు, అరికాళ్ల దాకా పసుపుపచ్చగా మారడం
- ఆకుపచ్చని వాంతి, మూర్ఛ

అయిదు పది సెకన్లు ఊపిరి ఆగినట్టు అనిపించి మళ్లీ వేగంగా తీయడం పసిబిడ్డల్లో మామూలే. రంగు మారితే మాత్రం 108కి ఫోను చేయండి.

11. బోర్లా పడే నెల వచ్చాక

మూడు నాలుగు నెలలకు బిడ్డ పక్కకు ఒరగడం మొదలుపెడుతుంది. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం కదా, పొత్తిగుడ్డ మాత్రం ఆ బొబ్బట్ల రోజు కన్నా ముందే మానేయాలి. ఒరిగే ప్రయత్నం మొదటిసారి కనబడిన రోజే చుట్టడం ఆపండి. చేతులు కట్టి ఉన్న బిడ్డ బోర్లా పడితే ముఖం ఎత్తుకోలేదు.

ఆ తర్వాత కూడా మీరు పడుకోబెట్టేది వెల్లకిలానే. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండు వైపులా తానే సునాయాసంగా తిరగగలిగిన బిడ్డ నిద్రలో బోర్లా పడితే తిప్పాల్సిన పని లేదు. అయితే అప్పుడు పక్క ఖాళీగా ఉండటం ముందుకన్నా ఎక్కువ అవసరం.

కూర్చోవడం మొదలవగానే కాట్ అడుగును కిందికి దించండి, వేలాడే బొమ్మలు తీసేయండి. ఎత్తైన మంచం మీద పగలైనా ఒంటరిగా వదలకండి, దిండ్లు అడ్డం పెట్టినా సరే. దిండు, కప్పుకునే దుప్పటి ఏడాది నిండిన తర్వాతే.